రాజుగారి అక్షరాలు, షావుకారు అక్షరాలు

సూరత్‌లో ఈస్టిండియా కంపెనీకి దలాలీ చేసే భీమ్‌జీ పారేఖ్‌కి 1670 ప్రాంతంలో ఓ కోరిక పుట్టింది. తమ పాత గ్రంథాలను అచ్చు వేయించాలని. అచ్చుయంత్రం కావాలి, దాన్ని నడిపే మనిషీ కావాలి అని కంపెనీ చేత లండన్‌కు రాయించాడు. 1674లో హెన్రీ హిల్స్ అనే ఆయన సరంజామాతో సహా బొంబాయిలో దిగాడు. తీరా చూస్తే ఆయనకు అచ్చు కొట్టడమే వచ్చు, కొత్త అక్షరాలకు పోత పోయడం రాదు. 'బనియా అక్షరాల' కోసం ఎన్ని తంటాలు పడ్డా పని తెమల్లేదు. గుజరాతీ అక్షరం మొదటిసారి అచ్చులో కనబడింది 1797లో, 'బాంబే కొరియర్' పత్రికలో వచ్చిన ఓ ప్రకటనలో. భీమ్‌జీ సరదాకూ దానికీ మధ్య నూట పాతికేళ్ళ పైమాటే.

బాకీ తీర్చింది కూడా సూరత్‌వాడే. అక్కడ పుట్టిన పార్సీ ఫర్దూన్‌జీ మర్జ్‌బాన్ 1812లో బొంబాయిలో సొంత ప్రెస్సు పెట్టాడు. 1822 జూలై 1న 'ముంబై సమాచార్' మొదలుపెట్టాడు. ఆసియాలో ఆగకుండా వస్తున్న పత్రికలన్నిటిలోకీ పాతది ఇదే.

ఇంతకీ ఆ బనియా అక్షరాల సంగతేమిటి? గుజరాతీ లిపికి ఒకప్పుడు శరాఫీ, వాణియాశాయీ, మహాజనీ అని పేర్లు. పేర్లలోనే కొట్టు వాసన ఉంది. ఈ లిపిలో దొరికిన అతి పాత రాతప్రతి 1591-92 నాటిది. అయినా 19వ శతాబ్దం దాకా దీని ఉద్యోగం ఖాతా పుస్తకాలు, హుండీలు, ఉత్తరాలు. కావ్యం రాయాలన్నా శాస్త్రం రాయాలన్నా పండితుడు దేవనాగరి పట్టాల్సిందే. దేవనాగరిలో ప్రతి మాట నెత్తినా గీత గీయాలి. బేరం మధ్యలో ఉన్న షావుకారుకు అంత తీరిక ఎక్కడిది? గీత ఎగిరిపోయింది. ఇవాళ గుజరాతీని, హిందీని పక్కపక్కన పెడితే మొట్టమొదట కంటికి తగిలే తేడా అదే.

ఉత్తర, పశ్చిమ భారతాల్లో వర్తకుల రాతలు కొన్ని ఇంకో అడుగు ముందుకేసి గుణింతాలను కూడా ఎగ్గొట్టేవి. దాని మీద ఓ పాత హాస్యం ఉంది. 'కాకా అజ్మేర్ గయే' అని ఉత్తరం వచ్చిందట. అంటే బాబాయి అజ్మీర్ వెళ్ళాడు. గుణింతాలు లేని ఆ అక్షరాల్ని ఇంట్లోవాళ్ళు 'కాకా ఆజ్ మర్ గయే' అని చదువుకుని, బాబాయి ఇవాళే పోయాడనుకుని శోకాలు మొదలెట్టారు. మన కరణాల గొలుసుకట్టు రాత చదవబోయి భంగపడ్డ వాళ్ళకు ఈ బాధ కొత్త కాదు. దస్తావేజు రాసినవాడు తప్ప ఇంకొకడు చదవలేకపోవడం ఆ రోజుల్లో ఒక రకం ఉద్యోగ భద్రత.

చదువుకున్నవాళ్ళు చిన్నచూపు చూసిన లిపే చివరికి గద్దెనెక్కడం ఒక్క గుజరాత్‌లోనే జరగలేదు. దీన్ని మించిన కథ కొరియాలో ఉంది. కాకపోతే అక్కడ లిపిని తయారుచేసింది షావుకారు కాదు, సాక్షాత్తూ రాజు. రాజు చేసినా చిన్నచూపు తప్పలేదు!

'కి' ఎక్కడ పెట్టాలి?

కొరియావాళ్ళు వెయ్యేళ్ళకు పైగా చైనా అక్షరాలతోనే నెట్టుకొచ్చారు. ఆ అక్షరాలను వాళ్ళు హంజా అంటారు. ఇబ్బంది ఏమిటంటే చైనా అక్షరం మాటకు గుర్తు, శబ్దానికి కాదు. చైనీస్‌లో విభక్తులు లేవు, క్రియ వాక్యం మధ్యలో వస్తుంది. కొరియన్ అచ్చం మన బాణీ: క్రియ చివర, విభక్తి మాట తోకకు. 'రాముడికి పుస్తకం ఇచ్చాను' అన్న వాక్యాన్ని అర్థాలు మాత్రమే ఉన్న గుర్తులతో రాయమంటే రాముడు దొరుకుతాడు, పుస్తకం దొరుకుతుంది, ఇవ్వడం దొరుకుతుంది. 'కి' ఎక్కడినుంచి తెస్తారు? 'ఆను' ఎక్కడ పెడతారు?

దీనికి వాళ్ళు పన్నిన ఉపాయాల్లో ఒకటి ఇదు. కొన్ని చైనా అక్షరాల అర్థం వదిలేసి, పలుకుబడి మాత్రం తీసుకుని విభక్తులకు వాడటం. కచేరీ గుమాస్తాలు 19వ శతాబ్దం దాకా ఈ ఇదులోనే కాగితాలు నడిపారు. ఇంకోటి గుగ్యొల్. చైనా పుస్తకాన్ని అలాగే ఉంచి, పంక్తుల మధ్యన చిన్న చిన్న గుర్తులతో కొరియన్ వ్యాకరణాన్ని ఇరికించడం. రెండూ బాగా చదువుకున్నవాడికే పనికొస్తాయి. చదువురానివాడికి దారి చూపేది ఒక్కటీ లేదు.

అరువు తెచ్చుకున్న అక్షరాలకు సొంతవి కొన్ని చేర్చుకున్నారు కూడా. నాకు అన్నిటికన్నా నచ్చింది 'దప్' అనే అక్షరం. చైనావాళ్ళకు పొలం అంటే నాలుగు మళ్ళుగా గీసిన ఒక చతురస్రం, అంతే. మెట్టో పల్లమో ఆ గుర్తు చెప్పదు. వరి పండించే కొరియా రైతుకు, అంతకన్నా ముఖ్యంగా శిస్తు కట్టించుకునే అధికారికి, అది కుదరదు. అందుకని పొలం గుర్తు నెత్తిన నీళ్ళ గుర్తు పెట్టి కొత్త అక్షరం కట్టారు. పైన నీళ్ళు, కింద పొలం: మాగాణి! పాత చతురస్రాన్ని మెట్టకు వదిలేశారు. గోదావరి జిల్లా రైతుకు ఈ అక్షరం చూపిస్తే అర్థం వాడే చెప్పేస్తాడు.

చైనా అక్షరాలతో కొట్టిన రికార్డులు

ఇంత అవస్థపడ్డా ఆ అక్షరాలతోనే కొరియావాళ్ళు ప్రపంచ రికార్డులు రెండు పట్టారు. హేఇన్సా అనే బౌద్ధ ఆలయంలో 13వ శతాబ్దంలో చెక్కిన త్రిపిటకం చెక్కపలకలు 81,258 ఉన్నాయి. పలకకు రెండు వైపులా చెక్కడం, మొత్తం అక్షరాలు 5 కోట్లు దాటాయి. మంగోలులు దేశం మీద పడి ఊళ్ళు తగలబెడుతుంటే, బుద్ధుడు అడ్డుపడతాడన్న నమ్మకంతో మొదలుపెట్టిన పని అది. పలకలు నేటికీ చెక్కుచెదరలేదు.

రెండోది 'జిక్జీ'. విడి లోహపు అక్షరాలతో అచ్చయి మిగిలిన పుస్తకాల్లో ప్రపంచంలోకెల్లా పాతది. 1377లో చొంగ్‌జు ఊరి ఆలయంలో అచ్చయింది. గుటెన్‌బర్గ్ బైబిల్‌కు డెబ్బై ఎనిమిదేళ్ళు పెద్దది. ప్రస్తుతం ఉన్నది మాత్రం పారిస్ జాతీయ గ్రంథాలయంలో, కొరియాలో కాదు. మన కోహినూర్ బాధ వాళ్ళకూ ఉందన్నమాట.

నోరు చూసి గీసిన అక్షరాలు

1443లో సేజోంగ్ రాజు 28 అక్షరాలు తయారుచేశాడు. 1446లో 'హున్మిన్‌జొంగ్‌ఉమ్' పేరుతో ప్రజల ముందు పెట్టాడు. ప్రజలకు నేర్పే సరైన ధ్వనులు అని ఆ పేరుకు అర్థం. ఎవరు చేశారో, ఏ సంవత్సరం చేశారో, ఎందుకు చేశారో, ఏ అక్షరానికి ఆ ఆకారం ఎందుకొచ్చిందో ఇంత వివరంగా రాసిపెట్టి ఉన్న లిపి లోకంలో మరొకటి కనబడదు. మన తెలుగు 'అ'కు ఆ సుడి ఎందుకు తిరిగిందో చెప్పడానికి శాసనాలన్నీ వరసపెట్టి చూడాలి. సేజోంగ్ అక్షరానికి కారణం అడిగితే పుస్తకం తీసి పేజీ చూపిస్తారు.

'గ' పలికేటప్పుడు నాలుక వెనక భాగం పైకి లేస్తుంది. ఆ వంపే అక్షరం. 'న' పలికితే నాలుక కొన పై పళ్ళ వెనక్కి తగులుతుంది. ఆ కొనే అక్షరం. 'మ'కు మూసిన నోరు, చతురస్రం. 'స'కు పన్ను. గొంతు ధ్వనికి గుండ్రటి గొంతు. అక్కణ్ణుంచి మిగతావి గీతలు చేర్చుకుంటూ పోవడమే. 'న'కు గీత చేరిస్తే 'ద', ఇంకో గీత చేరిస్తే ఒత్తి పలికే 'త'. ఇక్కడ తెలుగువాడు ఆగి తన పలక చూసుకోవాలి. ద కింద చిన్న గీత పెడితే ధ, డ కింద పెడితే ఢ, ప కింద పెడితే ఫ, చ కింద పెడితే ఛ. ఊపిరి బలం పెరిగితే గీత పెరగాలన్న ఆలోచన మన అక్షరాల్లోనూ ఉంది. కాకపోతే మనం క-ఖ దగ్గర, గ-ఘ దగ్గర ఆ నియమాన్ని మరిచిపోయాం.

అచ్చులకు మూడే మూలాలు. ఆకాశానికి చుక్క, నేలకు అడ్డగీత, మనిషికి నిలువుగీత. తెలివైనవాడు పూట తిరక్కుండా నేర్చుకుంటాడనీ మందబుద్ధికి కూడా పదిరోజులు చాలనీ సేజోంగ్ ఆస్థాన పండితుడు జొంగ్ ఇన్‌జీ లెక్కగట్టాడు. హంజా నేర్వడానికి పట్టే ఏళ్ళు అప్పటి కొరియాలో ప్రతివాడికీ తెలుసు.

ఇంకో చిత్రం. కొరియన్ హల్లులను ఆ పుస్తకంలో కుప్పలు పోసిన తీరు చూస్తే కంఠ్యాలు ఒక చోట, నాలుక ధ్వనులు ఒక చోట, పెదవి ధ్వనులు ఒక చోట, దంతాలవి ఒక చోట. ఎక్కడో చూసినట్టు లేదూ? క-చ-ట-త-ప లెక్క ఇది. సంస్కృతం చదివిన బౌద్ధ భిక్షువుల ద్వారా మన వర్ణ విభజన చైనా పండితులకు చేరింది, వాళ్ళ గ్రంథాల మీదుగా సేజోంగ్ చేతికి వచ్చింది. అక్షరాల ఆకారాలకు కూడా మన వైపు చుట్టరికం ఉందన్నది గారీ లెడ్యార్డ్ అనే అమెరికన్ పండితుడి వాదన. కుబ్లయ్ ఖాన్ కోసం ఒక టిబెట్ లామా 1269లో కట్టిన ఫగ్స్‌పా లిపి నుంచి కొన్ని హల్లుల మూలరూపాలు వచ్చాయంటాడు. ఫగ్స్‌పా టిబెటన్ నుంచి వచ్చింది, టిబెటన్ బ్రాహ్మీ నుంచి. దీన్ని అందరూ ఒప్పుకోరు, కొరియాలో అయితే మరీను. నాకు మాత్రం ధ్వనుల వరస దగ్గర చుట్టరికం గట్టిదనీ, ఆకారాల దగ్గర కొంచెం లాగి కలిపినదనీ అనిపిస్తుంది.

ఆడవాళ్ళ రాత

1444లోనే రాజు కొలువులో చ్వే మన్‌రీ అనే పండితుడు అడ్డంపడ్డాడు. సొంత లిపులు పెట్టుకున్నది మంగోలులు, జపాన్‌వాళ్ళు, టిబెట్‌వాళ్ళు లాంటి అనాగరికులే, చైనా అక్షరం వదిలితే మనమూ ఆ జాబితాలో చేరతాం అని ఆయన గోడు. రాజు ఆయన్నూ ఆయనతో గొంతు కలిపినవాళ్ళనూ ఓ రాత్రి ఖైదులో ఉంచాడు. ఆ రోజుల్లో రాజుకు ఎదురు చెప్పినందుకు అది చాలా చవకైన శిక్ష.

రాజు పోయాక పండితుల మాటే నెగ్గింది. కొత్త లిపికి ఒన్‌మున్, అంటే పామర రాత, అని పేరు పెట్టి పక్కన పడేశారు. 1504లో యొన్‌సన్‌గున్ అనే క్రూరుడైన రాజును తిడుతూ ఈ లిపిలో గోడపత్రాలు వెలిస్తే, ఆయన తిట్టినవాళ్ళను పట్టుకోలేక లిపినే నిషేధించాడు. అయినా అంతఃపురాల్లో, వంటిళ్ళలో, ప్రేమలేఖల్లో, నవలల్లో అది బతికింది. ఆడవాళ్ళ రాత అని వెక్కిరించారు. గుజరాతీ లిపికి దుకాణం ఆసరా ఇస్తే దీనికి ఇల్లాళ్ళు ఇచ్చారు.

ఎంత బతికిందో 1998లో బయటపడింది. అన్‌దొంగ్ పట్టణంలో పాత సమాధులు తరలిస్తుంటే యి ఉంగ్‌టే అనే పెద్దమనిషి శవం పక్కన ఒక ఉత్తరం దొరికింది. 1586లో, ముప్పయ్యేళ్ళకే పోయిన భర్తకు భార్య రాసింది. ఆమె గర్భవతి. కలిసి ముసలివాళ్ళమై ఒకేసారి పోదామన్నావు, నన్నూ పిల్లవాణ్ణీ వదిలి ఎలా పోయావు అని నిలదీసింది. కలలోకైనా వచ్చి జవాబు చెప్పమంది. రాస్తూ రాస్తూ కాగితం నిండిపోయింది. పై అంచులో రాసింది. అదీ నిండితే కాగితం తిప్పి, మొదట్లో మిగిలిన ఖాళీలో తలకిందులుగా రాసింది. ఉత్తరం పక్కన జనపనారలో తన జుట్టు కలిపి అల్లిన చెప్పులు కూడా పెట్టింది. ఆమె పేరు ఎక్కడా లేదు. ఆ కాలపు పెద్దమనుషులు హంజాలో రాసుకున్న సంతాప గద్యాలు ఎన్ని ఉన్నా ఈ ఒక్క కాగితం ముందు నిలవవు.

పదింతల ధర

అక్షరాల ఆకారాలను వివరించిన 1446 నాటి పుస్తకం 'హేర్యే' శతాబ్దాలపాటు కనబడకుండా పోయింది. కిటికీ చట్రాలు చూసి అక్షరాలు కట్టారనే కాకమ్మ కథలు కూడా ఆ లోటులోనే పుట్టాయి. 1940లో, జపాన్ పాలనలో కొరియన్ భాషనే అణగదొక్కుతున్న రోజుల్లో, ఒక ప్రతి బయటపడింది. కళాఖండాలు సేకరించే జొన్ హ్యొంగ్‌పిల్ దాన్ని కొన్నాడు. అమ్మేవాళ్ళు వెయ్యి వొన్‌లు అడిగితే పదివేలు ఇచ్చాడని, కొరియా యుద్ధం రోజుల్లో తలకింద పెట్టుకుని పడుకునేవాడని చెబుతారు. బేరమాడకుండా పదింతలు ఇచ్చినవాడి కథ సూరత్ రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లో చెబితే ఎవరూ నమ్మరు. ఆ పుస్తకం 1997లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కింది.

2008లో సాంగ్‌జు దగ్గర రెండో ప్రతి తేలింది. దాని కథ కోర్టుకెక్కింది. దగ్గర పెట్టుకున్నవాడు కళ్ళు తిరిగే మొత్తం అడిగాడు, 2015లో ఇంట్లో నిప్పంటుకుని కొంత కాలింది, 2019లో సుప్రీంకోర్టు అది ప్రభుత్వానిదేనని తేల్చింది. తీర్పు చేతికొచ్చింది గాని పుస్తకం రాలేదు.

పోయినా పోని హంజా

1894లో ప్రభుత్వ కాగితాలకు ఈ లిపిని ఒప్పుకున్నారు. పుట్టిన 450 ఏళ్ళకు ఉద్యోగం! 1896 ఏప్రిల్ 7న సొ జేపిల్ మొదలుపెట్టిన 'తొంగ్నిప్ సిన్మున్' పత్రిక హంజా ఒక్కటి కూడా లేకుండా, మాటల మధ్య ఖాళీ వదిలి మరీ వచ్చింది. హంగుల్ అన్న గౌరవప్రదమైన పేరు 1910ల్లో జు సిగ్యొంగ్ లాంటి భాషావేత్తల వల్ల స్థిరపడింది. ఉత్తర కొరియా 1940ల చివర్లోనే హంజాను ప్రచురణల నుంచి తీసేసింది. దక్షిణాన చట్టాలు వచ్చినా పత్రికలు చాలాకాలం కలిపే వాడాయి. మొదటి నుంచీ పూర్తి హంగుల్‌లో వచ్చిన తొలి ఆధునిక దినపత్రిక 'హాంక్యొరే' పుట్టింది 1988లో.

అక్షరం పోయినా మాట పోలేదు. కొరియన్ నిఘంటువులో సగానికి మించి మాటలు చైనా మూలం ఉన్నవే, మనకు సంస్కృత తత్సమాలు ఉన్నట్టు. తేడా ఏమిటంటే చైనీస్‌లో వేరుగా పలికే మాటలు కొరియన్ నోట్లో ఒకటైపోయాయి. 'హ్వా' అంటే నిప్పు, పువ్వు, బొమ్మ, సరుకు, మార్పు. హంజాలో అయిదు వేరు వేరు అక్షరాలు, హంగుల్‌లో ఒకటే. హంజా పక్షంవాళ్ళ ప్రధాన ఆయుధం ఇదే. సందర్భం చూసుకోలేరా అని హంగుల్ పక్షం ఎదురుప్రశ్న. మన 'కల' స్వప్నమా ఉన్నదనా అని ఎవరూ తికమకపడరు కాబట్టి నా ఓటు రెండో పక్షానికే.

ఈ దాగుడుమూతల హంజా సూరత్ గడపలోనే ఉంది. ఊరి పక్కన హజీరాలో ఎల్ అండ్ టీ కర్మాగారం మన సైన్యానికి 100 కె9 వజ్ర శతఘ్నులు కట్టి 2021 నాటికి అప్పజెప్పింది. సాంకేతికత కొరియా కంపెనీ హన్వాది. ఆ పేరు 1952లో పుట్టిన 'కొరియా పేలుడు మందుల సంస్థ'కు కుదింపు, అందులోని హ్వా నిప్పు హ్వా. మన దగ్గర పెనుకొండలో 2019 నుంచి కార్లు దింపుతున్న కియా కూడా అంతే: 'కి' అంటే లేవడం, 'ఆ' అంటే ఆసియా. శామ్సంగ్ మూడు నక్షత్రాలు. కొరియాలో అయిదుగురిలో ఒకరికి ఉండే ఇంటిపేరు కిమ్ రాసేది బంగారం అక్షరంతో. వీటికి విరుద్ధంగా రాజధాని సియోల్‌కు హంజాయే లేదు, అది అచ్చ కొరియన్ మాట. చైనావాళ్ళు పాత పేరు హాన్‌చెంగ్ అనే రాస్తుంటే, విసిగిన నగరపాలక సంస్థ 2005లో పలుకుబడికి దగ్గరగా ఉండే రెండు చైనా అక్షరాలు తానే ఎంచి ఇచ్చింది.

తమాషా అంతా గ్వాంగ్‌హ్వామున్ దగ్గర ఉంది. సియోల్ రాజభవనం సింహద్వారం అది. ఎదురుగా మైదానంలో 2009 నుంచి సేజోంగ్ బంగారు రంగు విగ్రహం. ఆయన వీపు వెనక ద్వారం మీద బోర్డు మాత్రం హంజాలో! 1968లో అధ్యక్షుడు పాక్ చొంగ్‌హీ తన చేతిరాతతో హంగుల్ బోర్డు పెట్టించాడు. 2010లో పాత రూపం పేరుతో దాని స్థానంలో హంజా బోర్డు ఎక్కించారు. మూడు నెలలకే చెక్క పగిలింది. 2023 అక్టోబరులో నల్ల చెక్క మీద బంగారు అక్షరాలతో మళ్ళీ హంజాయే వచ్చింది. హంగుల్ సంఘాలు గొడవ ఆపలేదు.

11,172

హంగుల్ అక్షరాలను విడివిడిగా వరసలో రాయరు. మన గుణింతం, ఒత్తు లాగా ఒక్కో పలుకుకు ఒక గడి కట్టి అందులో సర్దుతారు. చైనా అక్షరం ఆక్రమించే చతురస్రంలోనే ఇదీ ఇముడుతుంది. హంజాతో కలిపి రాసినా పంక్తి చెదరకపోవడానికి అదే కారణం. మొదటి హల్లుకు 19 అవకాశాలు, అచ్చుకు 21, చివరి హల్లుకు ఏమీ లేకపోవడంతో కలిపి 28. గుణిస్తే 11,172. ఇవన్నీ యూనికోడ్‌లో విడివిడిగా ఉన్నాయి. 1996లో రెండో కూర్పు వచ్చినప్పుడు అప్పటిదాకా ఇచ్చిన స్థానాలు రద్దుచేసి హంగుల్ మొత్తాన్ని ఇంకోచోటికి మార్చారు. ఒకసారి ఇచ్చిన స్థానం ఇక మార్చకూడదని ఆ తర్వాత యూనికోడ్ గట్టి నియమం పెట్టుకుంది. ఇండోనేషియాలోని బుటన్ దీవిలో సియా-సియా భాషవాళ్ళు 2009లో బడిలో తమ భాష నేర్పడానికి హంగుల్‌ను తెచ్చుకున్నారు.

కొరియన్‌కూ తెలుగుకూ రక్తసంబంధమే ఉందన్నవాడు ఒకడున్నాడు. హోమర్ హల్బర్ట్, 1886లో సియోల్ వెళ్ళిన అమెరికన్ ఉపాధ్యాయుడు. కొరియన్ వ్యాకరణాన్ని ద్రావిడ భాషలతో పోలుస్తూ 1905లో పుస్తకమే అచ్చువేశాడు. ఒమ్మా, అప్పా అని పిల్లలు పిలవడం వింటే ఎవరికైనా అలాగే తోస్తుంది. భాషా శాస్త్రవేత్తలు దీన్ని ఇప్పుడు ఒప్పుకోరు.

సూరత్ విషయానికొస్తే, మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలీలు లింబాయత్ వైపు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఆ పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు నడుపుతోంది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఇంగ్లీషు, ఒడియా, తెలుగు: మున్సిపల్ బడుల్లో మాధ్యమాలు ఏడు. హిందీ, మరాఠీ ఒకే దేవనాగరిని పంచుకుంటాయి కనుక లిపులు ఆరు. 2023 చట్టం ప్రకారం గుజరాత్‌లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏ మీడియం పిల్లలైనా గుజరాతీ నేర్వాలి. కాబట్టి ఆ తెలుగు పిల్లవాడు ఒక పీరియడ్‌లో తలకట్టు పెడతాడు, తర్వాతి పీరియడ్‌లో షావుకారు వదిలేసిన గీత లేకుండా రాస్తాడు, హిందీ పీరియడ్‌లో ఆ గీతను మళ్ళీ గీస్తాడు.